దయచేసి అంతరాయం కలిగించకండి

జిల్లా ఉపాధ్యాయుల బదిలీల జాబితా పోయింది ఒక సోమవారం నాడు. ఈశ్వరి టీచరు పోయింది అంతకు ముందు నెలలో. జాబితా పోయిన సంగతి కార్యాలయానికి ఆ క్షణంలోనే తెలిసింది. భోజనాల వేళకి కమిటీ కూడా వేశారు. ఈశ్వరి టీచరు సంగతి మాత్రం కార్యాలయం ఇంకా నమోదు చేసుకోలేదు.

ఆమె భర్త లెంక పోలారావు మాస్టారు పనిచేసేది ఆ కార్యాలయంలోనే. హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్న మనిషిని, కంప్యూటరు భాష వచ్చునన్న నేరానికి, డిప్యుటేషన్ మీద జిల్లా విద్యా గణన కేంద్రానికి తెచ్చి కూర్చోబెట్టారు. టీచర్ల హాజరు, బదిలీలు, పీరియడ్ల పంపకం, సంజాయిషీ నోటీసులు అన్నీ ఒంటిచేత్తో నడిపే ప్రోగ్రాము ఆయన రాసిందే. దానికి 'అవిరామ' అని పేరు పెట్టింది మాత్రం సంచాలకులు జగపతిరాజుగారు.

జాబితా పోయిన తీరు ఇది. ఆ ఉదయం గణన గదిలో అవిరామ నడుస్తోంది. నల్లటి తెర మీద టీచర్ల పేర్లు, పక్కన వాళ్ళకి దక్కిన ఊళ్ళు, కిందినుంచి పైకి పాకుతున్నాయి. సూపరింటెండెంటు కూర్మనాథం టీ గ్లాసుతో అటుగా వచ్చాడు. తెర వంక చూసేసరికి బావమరిది పేరు కనబడింది. పక్కనే, బస్సు దిగితే బడి మెట్లు తగిలే ఊరి పేరు. ఇంత శుభవార్త ఇంటికి పంపకుండా ఉండడం ఎవరి తరం? గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ వరస మీద మౌసు లాగి, ఇన్నేళ్ళ సర్వీసులో తనకు నికరంగా పట్టుబడ్డ ఒకే ఒక కంప్యూటరు విద్యను ప్రదర్శించాడు. కంట్రోల్ మీట మీద ఒక వేలు, సీ మీట మీద ఇంకో వేలు. నకలు తీయడానికి లోకమంతా చేసేది అదే.

నల్ల తెరలో మాత్రం లోకం తీరు చెల్లదు. అక్కడ ఆ రెండు మీటలూ కలిపి నొక్కితే, నడుస్తున్న ప్రోగ్రామును "ఇక ఆపు" అన్నట్టు. అప్పటి అవిరామ వినయం గలది. ఆపింది. సగం జిల్లాకి ఊళ్ళు పంచి, మిగతా సగాన్ని గాల్లో వదిలి, పంచినది కూడా దాచుకోకుండా కళ్ళు మూసింది.

"ఆయనేదో నొక్కీసినారు మాస్టారూ!" గది తుడుస్తున్న అటెండరు నూకాలు చీపురు పైకెత్తి కేకేసింది.

"నేనేం నొక్కలేదు. నకలు తీశానంతే," అన్నాడు కూర్మనాథం.

"నకల్దీస్తే అసలెల్లిపోద్దేటి బాబూ?"

కూర్మనాథం చల్లారుతున్న టీ తాగాడు.

కమిటీకి అధ్యక్షులు జగపతిరాజుగారు. ఆయన నోరు విప్పితే ఫైలు విప్పినట్టుంటుంది. "జరిగిన సంఘటన యొక్క పూర్వాపరాలను కూలంకషంగా పరిశీలించిన మీదట, ఇట్టి అవాంఛనీయ అంతరాయములు పునరావృతం కాకుండా తగు చర్యలు గైకొనవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. మాస్టారూ, అసలు అంతరాయమనగా నేమి?"

పోలారావు మాస్టారు లేచి నిలబడ్డాడు. క్లాసులో చెప్పినట్టే చెప్పాడు.

"కంప్యూటరు ఏదో పనిలో ఉంటుందండి. మనం ఒక మీట నొక్కుతాం. అది తలుపు తట్టినట్టు. లోపలున్నది వెంటనే, తను ఏ వరస దగ్గరుందో గుర్తు పెట్టుకుంటుంది. చేతిలో పని పక్కన పెడుతుంది. తట్టిందెవరో చూస్తుంది, వాళ్ళ మాట వింటుంది. విన్నాక, గుర్తు పెట్టుకున్న చోటికే తిరిగొచ్చి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు తట్టినా విసుక్కోదు. ఎవరూ తట్టకపోతే అది బతికుందో లేదో మనకి తెలిసేదే కాదండి."

ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఎలా నడుచుకునేవాడని కమిటీ అడగలేదు. ఈశ్వరి గుమ్మంలో నిలబడి, "ఆగండాగండి, ఒక్క మాట విని మళ్ళీ చేసుకోండి," అంటే, ఆయన తెర మీంచి తల తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తేవాడు, కూడలిలో పోలీసులాగా. "ఉండు, ఈ ఒక్కటీ అయిపోనీ," అనేవాడు. ఆ విషయం కమిటీ పరిధిలోకి రాదు.

"అనగా," అన్నారు జగపతిరాజుగారు కళ్ళజోడు తీసి, "ఒక ప్రభుత్వ ప్రక్రియను ఎవరైనా సరే రెండు వేళ్ళతో నిలుపుదల చేయవచ్చునన్నమాట!"

"చేయొచ్చండి."

"ఆ అధికారం నాకే లేదే!"

కమిటీ నిశ్చేష్టమయింది. ముందుగా తేరుకున్నది కూర్మనాథం. "కీబోర్డుల్లోంచి ఆ సీ మీట పీకించేద్దామండీ. జిల్లా మొత్తం," అన్నాడు. అందరూ బాగుందన్నారు. మరి ఇంగ్లీషు ఉత్తరాల మాటేమిటని ఎవరో అన్నారు. ఆ అక్షరం రావలసిన చోటల్లా ఖాళీ వదలాలని, ప్రింటు తీశాక నల్ల సిరాతో పూరించాలని, పూరించిన ప్రతిచోటా గుమస్తా పొట్టి సంతకం చేయాలని ముసాయిదా తయారయింది.

పోలారావు మాస్టారు తట్టుకోలేకపోయాడు. "అంత పని అక్కర్లేదండి," అన్నాడు. "ఆ ఆపమనే సంకేతాన్ని ప్రోగ్రాములోనే పట్టుకోవచ్చు. నొక్కినా ఆగకుండా చేయొచ్చు." ఒక్క అక్షరాన్ని కాపాడబోయి తను ఏమి వదులుకుంటున్నాడో ఆ క్షణాన ఆయనకు తోచలేదు. పైగా, గదిలో అందరూ తన వంకే చూస్తుంటే కాస్త సంతోషం కూడా కలిగింది.

"ఇవి గాక వేరే అంతరాయములు ఉన్నవా?"

"బ్రేక్ అని ఇంకో మీట ఉందండి. కొంచెం గట్టిగా తట్టినట్టు. దాన్నీ పట్టుకోవచ్చు. ఆఖర్న ఒకటుంది. అది ప్రోగ్రాముకి చెప్పరు. పై అధికారం ఉన్నవాళ్ళు నేరుగా యంత్రానికి చెప్తారు, యంత్రం ప్రోగ్రాముని తీసుకుపోతుంది. దాన్ని ఎవరూ పట్టుకోలేరండి. తట్టడం ఉండదు." ఆ చివరి రెండు మాటలూ ఆయన అనుకున్నదానికన్నా మెల్లగా వచ్చాయి.

"పట్టుకొనుటకు వీలుకాని అంతరాయమును ఈ కార్యాలయం గుర్తించజాలదు," అన్నారు జగపతిరాజుగారు. "ఆ అధికారమును రాజధానికి దఖలు పరుస్తూ తీర్మానిద్దాం."

ఆ వారమంతా మాస్టారు ఆ పని మీదే ఉన్నాడు. ఎవరో ఒకరు వచ్చి "ఎంతవరకూ వచ్చింది?" అని అడుగుతున్నారు. ఆగితే ఇంటికి వెళ్ళాలి. కాబట్టి ఆగలేదు. ఎవరైనా ఆపబోతే తెర మీద కనబడవలసిన వాక్యం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాడు. 'దయచేసి అంతరాయం కలిగించకండి. మీ మనవి స్వీకరించబడింది.' ఈశ్వరి తెలుగు టీచరు. ఆ 'బడింది'ని చూస్తే ఊరుకునేది కాదు. ఆ మాట గుర్తుకొచ్చి కొట్టేశాడు. కొట్టేసి, అధికారులకు అదే నచ్చుతుందని మళ్ళీ రాశాడు. మనవి స్వీకరించాక ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, ఏమీ చేయదు. నొక్కింది ఎవరో రాసుకుని తన పని చేసుకుపోతుంది. ఆ రాసుకోవడం ఎవరూ అడగలేదు. ఉత్సాహం కొద్దీ మాస్టారే చేర్చాడు.

ప్రదర్శన రోజున జగపతిరాజుగారు స్వయంగా మీటలు నొక్కారు. తెర మీద వాక్యం వచ్చింది, అవిరామ ఆగలేదు. మళ్ళీ నొక్కారు. కూర్చుని నొక్కారు, లేచి నొక్కారు. చివరికి బ్రేక్ మీట మీద పిడికిలితో గుద్ది, "దయచేసి! దయచేసి అంటున్నది చూడండి!" అని మురిసిపోయారు. చప్పట్లు మోగాయి. అదే ఊపులో ఎవరూ ప్లగ్గు పీకకుండా గోడ దగ్గర సిమెంటు వేయించారు. కరెంటు పోతే అందుకోవడానికి బ్యాటరీలు, బ్యాటరీలున్న గదికి తాళం, తాళానికి లక్క ముద్ర.

ఆ సాయంత్రం మాస్టారు చాలా రోజులకి తేలిక మనసుతో ఇంటికి వెళ్ళాడు. చెప్పులు విడుస్తూ, "ఇవాళ ఏం జరిగిందో తెలుసా?" అనేశాడు కూడా. వంటగదిలో ఎవరూ లేరు. అంతలో రేడియో పక్కన ఈశ్వరి ఫోను మోగింది. దానికి ఆయన రోజూ ఛార్జింగు పెడుతూనే ఉన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. తెర మీద మెసేజి: 'ఈశ్వరి గారూ, మీరు నేడు విధులకు హాజరు కాలేదు. కారణం తెలుపండి. – అవిరామ.'

మర్నాడు పొద్దున్నే ఆయన కూర్మనాథం బల్ల ముందు నిలబడ్డాడు.

"ఈశ్వరి పేరు ఇంకా తీయలేదండీ."

"కాయితం ఇచ్చారు కదా మాస్టారూ, నాకు గుర్తుంది. పాపం, మంచి మనిషి. తీసేస్తాం. అవిరామ ఆగగానే తీసేస్తాం."

"అవిరామ ఆగదండి."

"ఆగదు కదా మరి! మీరే కదండీ రాశారు?"

అది నిజం. మొదలైనప్పుడు అవిరామ పేర్లన్నీ ఒక్కసారి చదువుకుంటుంది. తర్వాత బయట ఎవరు పుట్టినా పోయినా, ఆగి మళ్ళీ మొదలైతే తప్ప చూడదు. మాస్టారు గణన గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరకి వేసి, కంట్రోల్, సీ నొక్కాడు. తన వాక్యం తనకే వచ్చింది. బ్రేక్ నొక్కాడు. అదే వాక్యం. తన కోసం దొడ్డిదారి ఒకటి పెట్టుకుని ఉండవలసింది. పెట్టుకోలేదు. పెడితే పనితనానికి మచ్చ అనుకున్నాడు.

"పీకీండి బాబూ తీగ," అంది నూకాలు గుమ్మంలోంచి.

"సిమెంటు వేశారు నూకాలూ."

"ఏసినోలు మనోలే కదేటి?"

"మనవాళ్ళే."

రాజధానికి రాశాడు. ప్రోగ్రాములో లోపం ఉన్నట్టు ధ్రువీకరిస్తే పరిశీలిస్తామని రాజధాని జవాబిచ్చింది. లోపం లేదని ధ్రువీకరించిన కాయితం మీద ఉన్నది ఆయన సంతకమే.

ఈలోగా రూలు కార్యాలయం దాటి బయటికి నడిచింది. ఏ పని అయినా ప్రక్రియే కాబట్టి, జిల్లాలోని ఏ ప్రక్రియకూ అంతరాయం కలగరాదని జగపతిరాజుగారు సర్క్యులర్ ఇచ్చారు. ముందుగా పోయింది బడి గంట. గంట కొట్టడం పాఠానికి అంతరాయం. కాబట్టి మొదటి పీరియడు మొదలయింది గానీ ముగియలేదు. ఈశ్వరి పనిచేసిన బాలికల హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు పట్టుకున్న టీచరు ఆ పూటంతా లెక్కలే చెప్పింది, మర్నాడూ చెప్పింది. సోషలు మాస్టారు వరండాలో పటం చుట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు చెయ్యెత్తకూడదు, ఎత్తదలచినవారు మనసులో వరస కట్టి, పాఠం ముగిశాక ఎత్తాలి.

"ఒంటికొచ్చినా సెయ్యెత్తకూడదంతన్నారంట," అంది నూకాలు. "మా మనవరాలు నిన్న ఏడుత్తా ఇంటికొచ్చింది. ఇదేటి సదువు బాబూ?"

మాస్టారు తల వంచుకున్నాడు. ఆ సర్క్యులర్ కింద 'ఆధారం: శ్రీ పోలారావు రూపొందించిన విధానం' అని ఉంది.

కార్యాలయంలో తలుపు తట్టడం మానేశారు. గుమ్మం బయట నిలబడి, లోపలివారు తమంతట తాము తలెత్తే వరకూ వేచి ఉండాలి. లోపలివారు తలెత్తితే వారి పనికి వారే అంతరాయం కలిగించుకున్నట్టు. కాబట్టి తలెత్తరు. దగ్గు వచ్చినవాళ్ళు మెట్లు దిగి సైకిళ్ళ షెడ్డులో దగ్గి వచ్చేవారు. క్యాంటీనులో పాలు పొంగుతుంటే, వంటమనిషి ఫోనులో మాట్లాడుతుండడంతో అతనికి ఎవరూ చెప్పలేదు. పొంగిన పాల మీద విచారణ జరిగి, నిబంధనలు సక్రమంగా పాటించబడినట్టు తేలింది.

ఈశ్వరికి మెసేజిలు వస్తూనే ఉన్నాయి. 'కారణం తెలుపండి' అన్నది పోయి 'సంజాయిషీ ఇవ్వండి' అయింది. మొదట్లో మాస్టారు ప్రతి మెసేజికీ వెళ్ళి మీటలు నొక్కి వచ్చేవాడు. నొక్కడం వల్ల ప్రయోజనం లేదని ఆయనకన్నా బాగా తెలిసినవాడు జిల్లాలో లేడు. అయినా నొక్కేవాడు. తర్వాత ఒకనాడు 'ఈశ్వరి గారూ, మిమ్మల్ని జీలుగువలస ప్రభుత్వ పాఠశాలకు బదిలీ చేయడమైనది' అని వచ్చింది. జీలుగువలస కొండ మీది ఊరు. ఈశ్వరి ఎప్పుడూ కొండ మీది బడి అడగాలనేది. చల్లగా ఉంటుంది, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తారు అనేది. ఆయనే, బస్సు దొరకదని, వద్దనేవాడు. ఆ మెసేజికి మాస్టారు వెళ్ళి మీటలు నొక్కలేదు. ఆమెకి శాలువా ఒకటి సర్దాలి అనుకున్నాడు. అనుకుని, తన మీద తనకే నవ్వు వచ్చింది.

మరికొన్నాళ్ళకి, అభ్యంతరం ఏదీ అందలేదు కాబట్టి విధుల్లో చేరినట్టు భావించడమైనదని వచ్చింది. అక్కడి నుంచి మెసేజిల తీరు మారింది. 'ఈశ్వరి గారూ, రేపు మొదటి పీరియడు ఆరో తరగతి తెలుగు మీదే.' ప్రతి సాయంత్రం, ఆయన చెప్పులు విడిచే వేళకి.

ఆ తర్వాత పురస్కారాల ప్రకటన వచ్చింది.

జగపతిరాజుగారికి అవిరామ దగ్గరున్న పేర్ల మీద కన్ను పడింది. ఎవరెవరు ఎన్నిసార్లు ప్రక్రియను ఆపబోయారో అది ఎప్పటికప్పుడు రాసుకుంటోందిగా. జీతం పడలేదని, ఊరు తప్పు పడిందని, పేరు తప్పు పడిందని, జిల్లాలో ప్రతి టీచరూ ఏదో ఒకనాడు బడిలోని కంప్యూటరు ముందు కూర్చుని ఆ మీటలు నొక్కినవారే. ఒక్కరు తప్ప.

"జిల్లా మొత్తమ్మీద ఒక్కసారైనా అంతరాయం కలిగించని ఏకైక ఉపాధ్యాయిని!" అన్నారు జగపతిరాజుగారు, మాస్టారుని పిలిపించి. "ఎటువంటి ప్రాంతమునకు బదిలీ చేసినను కిమ్మనలేదు. సంజాయిషీ అడిగినను ఎదురు పలకలేదు. ఇట్టి క్రమశిక్షణ నేడు అరుదు. నిరంతరాయ సేవా పురస్కారం ఆమెకే. మీ శ్రీమతిగారేనని తెలిసి మరింత సంతసించాను."

"అయ్యా, ఆవిడ..." అన్నాడు మాస్టారు.

జగపతిరాజుగారు ఎడమ చెయ్యి పైకెత్తారు. "ఉండండి, నన్ను పూర్తి చేయనివ్వండి. అత్యధిక పర్యాయములు అంతరాయమునకు పాల్పడినవారికి అదే వేదిక మీద అభిశంసన కలదు. ఆ వ్యక్తి, విచారకరమైన విషయం, మీరే."

ఆ చెయ్యి మాస్టారుకి బాగా తెలిసిన చెయ్యి. అది ఇవతలి నుంచి ఎలా కనబడుతుందో ఆయన చూడడం అదే మొదటిసారి. మాట అక్కడే వదిలి బయటికి వచ్చాడు.

సభ జిల్లా సమావేశ మందిరంలో. వేదిక మీద పూలదండలు, శాలువా, జ్ఞాపిక. ముందు వరసలో మాస్టారు. పురస్కారం అందుకోవడానికీ ఆయనే, తిట్లు తినడానికీ ఆయనే. వెనక గోడవారగా నూకాలు మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో నిలబడింది.

జగపతిరాజుగారి ఉపన్యాసం కూర్మనాథం టైపు చేయించి, చూడముచ్చటగా స్పైరల్ బైండింగు చేయించాడు. గోడ క్యాలెండరు కాగితంలా ప్రతి పేజీ వెనక్కి తిరిగిపోతుంది. ఉపన్యాసం బాగానే నడిచింది. అంతరాయం నాగరికతకు గొడ్డలిపెట్టు అన్నారు. ప్రవాహమే జీవనమన్నారు. "ఇంతటితో నా ప్రసంగమును ముగిస్తూ," అని చివరి పేజీ తిప్పారు. తిప్పితే, చుట్టూ తిరిగి, మొదటి పేజీ వచ్చింది.

"సభకు విచ్చేసిన పెద్దలకు, ఉపాధ్యాయ సోదర సోదరీమణులకు," అని చదివారు జగపతిరాజుగారు.

సభలో ఎవరూ కదల్లేదు. కొందరు ఇది కవిత్వపు ఎత్తుగడ అనుకున్నారు. రెండో పర్యాయం "ముగిస్తూ" వచ్చింది, పేజీ తిరిగింది, పెద్దలకు మళ్ళీ నమస్కారం జరిగింది. చదువుతున్న ప్రక్రియను ఆపరాదని సంతకం పెట్టింది ఆయనే. చెమట చెవుల మీంచి కాలరులోకి దిగుతోంది. ఎదురుగా గ్లాసులో నీళ్ళున్నాయి. తాగితే వాక్యం తెగుతుంది. నాగరికతకు మళ్ళీ గొడ్డలి పెట్టారు.

"సార్‌కి ఎవరైనా చెప్పండి," అని గొణిగాడు వెనక వరసలో ఒకాయన.

"పనిలో ఉన్నారు," అని గుసగుసలాడాడు కూర్మనాథం, ముఖం పాలిపోయి.

జగపతిరాజుగారి పెదవులు చదువుతున్నాయి గానీ కళ్ళు సభలో ఒక్కొక్కరి ముఖమూ వెతుకుతున్నాయి. అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు మాస్టారు జేబులో ఈశ్వరి ఫోను మోగింది. సాగుతున్న ఉపన్యాసం మధ్యలో ఆ చప్పుడు గిన్నె పడ్డట్టు వినిపించింది. తీసి చూశాడు. 'ఈశ్వరి గారూ, నేటి సభకు మీరు ఇంకా హాజరు కాలేదు.'

మాస్టారు లేచాడు. మెట్లెక్కాడు. మైకు పక్కన నిలబడ్డాడు. ఏం అనాలో ఆయన సిద్ధం చేసుకోలేదు. నోటికి వచ్చిన మాట ఆయనది కాదు.

"ఆగండాగండి. ఒక్క మాట విని మళ్ళీ చదువుకోండి."

జగపతిరాజుగారు ఆగారు. చదువుతున్న వరస తప్పిపోకుండా దాని మీద వేలు పెట్టుకున్నారు.

"ఈశ్వరి చనిపోయిందండి," అన్నాడు మాస్టారు. మైకు ఆ మాటని మందిరం చివరిదాకా తీసుకుపోయింది. ఇన్నాళ్ళుగా ఆయన కాయితాల్లో 'స్వర్గస్థురాలయినది' అని రాశాడు, ఫోన్లో 'ఆవిడ లేదండి' అన్నాడు. ఆ మాట ఆ మాటగా అనడం ఇదే మొదలు.

సభలో ఎవరో దగ్గారు. ఎవరూ వారించలేదు.

జగపతిరాజుగారు ఇంకో చేత్తో గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగారు. "ఎప్పుడు?" అన్నారు. ఫైలు గొంతు కాదు అది, మామూలు మనిషి గొంతు.

"జాబితా పోవడానికి ముందు నెలలోనండి."

"ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"మీరు పనిలో ఉన్నారండి. నేనూ పనిలోనే ఉన్నాను."

కాసేపటికి జగపతిరాజుగారు ఆ వరస మీంచి వేలు తీసేశారు.

తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగాయి. బడి గంటలు మళ్ళీ మోగాయి. తొమ్మిదో తరగతి వాళ్ళు లెక్కల్లోంచి బయటపడి నేరుగా పంపు దగ్గరికి పరిగెత్తారు. రూలును రద్దు చేయలేదు, పక్కన పెట్టారు. రద్దు చేస్తే అది పెట్టినవాళ్ళకి అంతరాయం. శాలువా మాస్టారుకి ఇచ్చారు. అభిశంసన కూడా ఇచ్చారు, కవరులో పెట్టి, చేయి నొక్కి. రాజధానికి జగపతిరాజుగారే ఫోను చేశారట. తుది నిలుపుదల అధికారం శ్రీ లెంక పోలారావుకు దఖలు పరుస్తూ కాయితం వచ్చింది. ఆగని ప్రోగ్రామును ఆపే అధికారం జిల్లాలో ఇప్పుడు ఆయన ఒక్కడిదే.

కాయితం వచ్చిన రోజే మాస్టారు గణన గదిలో ఇంకో నల్ల తెర తెరిచి, అవిరామను తీసుకుపొమ్మని యంత్రానికి చెప్పే ఆజ్ఞ టైపు చేశాడు. ఒక్క వరస. తప్పుల్లేవు. ఎంటర్ మీట నొక్కడమే మిగిలింది.

జీలుగువలస హెడ్మాస్టరు ఫోను చేశాడు. "నమస్తే మాస్టారూ. అడగడానికి ఇబ్బందిగానే ఉందండి. మేడంగారి పేరు మా బడి మీద ఉన్నంతవరకూ ఇంకో టీచర్ని ఇవ్వరట. ఆరో తరగతి పిల్లలు రోజూ పుస్తకాలు తెరిచి కూర్చుంటున్నారు. ఈ రెండ్రోజుల్లో అవుద్దంటారా?"

"పరిశీలనలో ఉందండి," అన్నాడు మాస్టారు. ఆ మాట తన నోట్లోంచి అంత నున్నగా వస్తుందని ఆయన అనుకోలేదు.

నూకాలు గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఎవులి పరిశీలన్లో ఉంది బాబూ?"

"నా పరిశీలనలోనే."

"మరి నొక్కీండి. ఏటి సూత్తన్నారు?"

రేడియో పక్కన పెట్టవలసిన ఫోను ఇప్పుడు కీబోర్డు పక్కన ఉంటోంది. అది మోగే వేళ అవుతోంది. రేపు ఏ తరగతో, ఏ పీరియడో ఇంకా రావలసి ఉంది. మాస్టారు తెర మీంచి తల తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"ఉండు నూకాలూ. ఈ ఒక్కటీ అయిపోనీ."

జీలుగువలస ఆరో తరగతికి తెలుగు టీచరు లేరు. ఎంటర్ మీట ఇంకా నొక్కలేదు.